ముప్పై ఏళ్లు నిలుపుకున్న ఒట్టు కొడుకు పెళ్లికి అడ్డొస్తోంది

నెల్లూరు జిల్లా ఉదయగిరి వైపు నుంచి, అంగన్‌వాడీ టీచరుగా పనిచేస్తున్న యాభై ఏళ్ల మహిళ ఒకరు చాలా వివరంగా ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు. ఆ ఉత్తరంలోని ముఖ్యమైన సంగతులు ఇవి.

ఆమె తండ్రి సారా తాగి తాగి, నలభై ఏళ్లు నిండకుండానే కన్నుమూశారు. 1992లో అదే జిల్లాలోని దూబగుంట అనే ఊరి ఆడవాళ్లు ఏకమై సారా కొట్టు మూయించారన్న కబురు చుట్టుపక్కల ఊళ్లకు పాకినప్పుడు ఆమెకు పదిహేడేళ్లు. అప్పటికి ఆమె పదో తరగతి పూర్తిచేసి, ఊళ్లో రాత్రిపూట నడిచే అక్షరాస్యత కేంద్రంలో పెద్దవాళ్లకు అక్షరాలు దిద్దిస్తూ ఉండేది. ఆమె దగ్గర పలక పట్టినవాళ్లలో కన్నతల్లి కూడా ఉంది. ఆ కేంద్రానికి వచ్చే ఆడవాళ్లే ఒక రోజు సారా ప్యాకెట్ల మూటలు తెచ్చిన బండిని ఊరి పొలిమేరలో ఆపి వెనక్కి పంపారు. ఆ సాయంత్రం ఆమె, ఆమె తల్లి సహా పది పన్నెండు మంది పోలేరమ్మ గుడి ముందు నిలబడి, వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి, "మా గడపలోకి సారా రానివ్వం, సారా తాగే ఇంట పచ్చి మంచినీళ్లు కూడా ముట్టం" అని ప్రమాణం చేశారు.

మిగిలినవాళ్ల ఒట్టు కొన్నేళ్లకే సడలిపోయింది. చాలామంది ఇళ్లలో మగవాళ్లు మళ్లీ తాగడం మొదలుపెట్టారు, సొంత ఇంట్లో నీళ్లు ముట్టకుండా బతకడం ఎవరి వల్ల అవుతుంది? 1997లో ప్రభుత్వం మద్యనిషేధాన్ని సడలించినప్పుడు మాత్రం ఈమె తన ఒట్టును ఇంకా బిగించుకుంది. సారా ఒక్కటే కాదు, ఏ రకం మందు తాగే ఇంట్లోనైనా తినను, తాగను అని తనలో తాను నిశ్చయించుకుంది. భర్తకు తాగుడు అలవాటు లేదు, ఆయన ఏనాడూ అడ్డు చెప్పలేదు. సొంత తమ్ముడి గృహప్రవేశంలో కూడా ఆమె విస్తరి ముందు కూర్చోలేదు. ఊళ్లో ఆమెను "ఒట్టు టీచరమ్మ" అంటారు. భర్త తాగి వచ్చి కొడుతున్నాడంటే, అర్ధరాత్రయినా ఆడవాళ్లు ముందు ఆమె తలుపే తడతారు.

కొడుకు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. కరీంనగర్ వైపు అమ్మాయిని ఇష్టపడ్డాడు, రెండు కుటుంబాలూ ఒప్పుకున్నాయి. మాటల్లో వియ్యపురాలు, "వదినా, మా దిక్కు పోచమ్మకు బోనం చేసి కల్లు సాక పోయకుండ పెండ్లి పని షురూ చెయ్యం. లగ్గమయినంక చుట్టాలకు దావత్ కూడ ఉంటది. మీ ముందట మాత్రం ఎవ్వరూ తాగరు" అని ఎంతో మర్యాదగా చెప్పింది. సాక అంటే అమ్మవారి ముందు ధారగా పోసే నైవేద్యం. ఆ రాత్రి ఆమె కొడుకుతో, పెళ్లిలో తాను తాళి కట్టించి వచ్చేస్తానని, భోజనానికి కూర్చోనని చెప్పగానే అతను బద్దలైపోయాడు. "నాకు ఏడేళ్లప్పుడు మామయ్య పెళ్లిలో ఆకు వేసి, లడ్డూ వడ్డించాక, పంక్తిలోంచి నా చెయ్యి పట్టుకుని లేపేశావు. నేను ఎంగిలి చేత్తోనే ఏడుస్తూ బస్సెక్కాను. ఒట్టు వేసింది నువ్వు, నేను కాదు" అన్నాడు. అదే ఊపులో, తాను ఆరేళ్లుగా స్నేహితులతో నెలకు ఒకటి రెండుసార్లు తాగుతున్నానని, ఆమె హైదరాబాదు వచ్చినప్పుడల్లా అన్నం తిన్నది ఆ గదిలోనేనని కూడా చెప్పేశాడు.

అప్పటినుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు. తెలియకుండానే ఒట్టు తప్పానా, అమ్మవారు క్షమిస్తుందా అన్నది ఒక బాధ. తల్లి పోయి ఐదేళ్లయింది కాబట్టి ఈ మాట ఎవరితో చెప్పుకోవాలో తెలియకపోవడం ఇంకో బాధ. ఉత్తరం చివర ఆమె ఒక చిన్న సంగతి కూడా రాశారు. కిందటి వేసవిలో, తాగుబోతు భర్త కొట్టిన దెబ్బలకు కమిలిపోయిన చేతులతో ఒక అమ్మాయి ఆమెకు గ్లాసుడు మజ్జిగ తెచ్చి ఇస్తే, ఆ ఇంట్లో తాగేవాడున్నాడు గనుక ఆమె వద్దన్నారు. ఆ అమ్మాయి ఏమీ అనలేదు, గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. "ఈ ఒట్టు వదిలేస్తే నేనెవర్ని? పట్టుకుంటే నా కొడుక్కి నేనేమవుతాను?" అని ఆమె అడుగుతున్నారు.

అమ్మా,

మీరు అడిగిన రెండు ప్రశ్నలకూ ముందు, మీరు అడగకుండా వదిలేసిన మూడో ప్రశ్న ఒకటి ఉంది. ఈ ఒట్టుకు ఇన్నేళ్లుగా మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు? దానికి జవాబు దొరికితే మిగతా చిక్కులు చాలావరకు విడిపోతాయని నా నమ్మకం. అయితే అన్నిటికన్నా ముందు మిమ్మల్ని తిండికి దూరం చేస్తున్న భయం సంగతి చూద్దాం.

కొడుకు గదిలో మీరు తిన్న అన్నం వల్ల మీ ఒట్టు తప్పలేదు. ప్రమాణం మనిషి తెలిసి చేసే పనికి కట్టుబాటు. తెలియక జరిగిన దాన్ని తెలిసి చేసిన తప్పుతో సమానంగా మన సంప్రదాయం చూడదు. పోలేరమ్మ ముందు మీరు చెప్పింది మీ మనసును, మీ చేతిని అదుపులో పెట్టుకుంటానని. ప్రపంచంలో ఎక్కడ ఏం జరుగుతున్నదో కనిపెట్టి ఉంటానని కాదు. అయినా మనసు కుదుటపడకపోతే, మొక్కు తీర్చలేకపోయినవాళ్లు మన ఊళ్లలో చేసేదే మీరూ చేయవచ్చు. గుడికి వెళ్లి, తెలియక జరిగిన దానికి తప్పు కాయమని అడిగి, ముడుపు కట్టి రండి. దాన్ని చాదస్తమని నేను అనను. ఒట్టు ఎవరి ముందు పుట్టిందో ఆ సన్నిధిలోనే మనసులోని బరువు దించుకోవడం సబబే. కానీ అన్నం మానవద్దు. మీకు మీరు వేసుకుంటున్న ఆ శిక్షను మీ కొడుకు తనకు వేసిన శిక్షగానే తీసుకుంటాడు.

ఇక ఒట్టు సంగతి. మీ ఉత్తరాన్ని జాగ్రత్తగా చదివితే అందులో ఒక్క ఒట్టు కాదు, రెండు కనిపిస్తాయి. 1992లో పది పన్నెండు మందితో కలిసి, కర్పూరం ఆర్పి చేసినది మొదటిది. అది సారా గురించి. ఆ రోజుల్లో సారా అంటే మీ జిల్లాలో ఏమిటో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. ప్రభుత్వమే "వారుణి వాహిని" పేరుతో ప్యాకెట్లలో ఊరూరికీ చేర్చిన సరుకు అది, వేలం పాటల్లో కోట్లు పలికిన వ్యాపారం అది. కూలి డబ్బులు ఇంటికి చేరకముందే దారిలోనే మింగేసిన ఆ వ్యవస్థ మీద చదువురాని ఆడవాళ్లు, అప్పుడే అక్షరాలు దిద్దుతున్న ఆడవాళ్లు తిరగబడ్డారు. ఆ పోరాటంలో ముందు నిలిచిన దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. వేలం పాటలు ఆగాయి. 1993 ఏప్రిల్‌లో మీ జిల్లాలోను, అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధానికి కూడా పునాది అక్కడే పడింది. ఆ పోరాటంలో మీరు, మీ అమ్మగారు ఉన్నారు. ఈ మాట మీరు ఎంత గర్వంగా చెప్పుకున్నా తక్కువే.

రెండో ఒట్టు 1997 నాటిది. ప్రభుత్వం మాట తప్పిందన్న ఆక్రోశంలో, ఎవరూ అడగకుండా, ఎవరి ముందూ ప్రకటించకుండా మీకు మీరుగా పెట్టుకున్న కట్టడి అది. "ఏ మందైనా" అన్నది అందులోదే. కరీంనగర్ వైపు పోచమ్మకు పోసే కల్లు సాక మీ ఒట్టు కిందకు వచ్చింది అప్పుడే. గుడి ముందు నిలబడినప్పుడు మీలో ఎవరి మనసులోనూ ఆ కల్లు లేదు. మీ ఒట్టూ ఒక అమ్మవారి ముందు పుట్టినదే, వాళ్ల సాకా ఒక అమ్మవారి ముందు పోసేదే; అది ఆ ఇంటివాళ్లకు తాగుడు కాదు, పెళ్లి పని మొదలుపెట్టే ముందు తల్లికి చెప్పుకునే మాట. ఈ రెండు ఒట్లనూ విడదీసి చూడమని ఎందుకు అంటున్నానంటే, వాటిని మార్చుకునే అధికారం కూడా వేరువేరుగా ఉంటుంది. రెండోదాన్ని పెట్టుకున్నదీ మీరే, సడలించుకోగలిగినదీ మీరే. మొదటిదానిలో మీతో పాటు వేరే ఆడవాళ్లు ఉన్నారు, వాళ్లలో కొందరు ఇంకా మీ ఊళ్లోనే ఉండి ఉంటారు.

ఆ ఆడవాళ్ల గురించి ఒక మాట. వాళ్ల ఒట్టు సడలిపోయిందని మీరు రాసిన వాక్యంలో నిందలేదు, నిజమే. కానీ వాళ్లు ఓడిపోయారని, మీరు నిలబడ్డారని ఒక లెక్క మాత్రం మీ మనసులో ఎక్కడో ఉన్నట్టు నాకు తోచింది. మీ భర్త తాగరు కాబట్టే మీ ఒట్టు మీ వల్ల అయింది. మొగుడు తాగే ఇంట్లో పొయ్యి వెలిగించాల్సిన మనిషికి ఆ ఒట్టు మొదటి రోజే అసాధ్యం. ఇందులో మీ తప్పేమీ లేదు, మీ పట్టుదల విలువ తగ్గదు. కాకపోతే మీరు ఎవరి కోసం ఆ కర్పూరం ఆర్పారో, ఆ తాగుబోతుల భార్యల ఇళ్లే ఇప్పుడు మీరు నీళ్లు ముట్టని ఇళ్లయ్యాయి. ఆ మజ్జిగ గ్లాసు సంగతి మీరు ఉత్తరం చివర, ఏదో గుర్తొచ్చి రాసినట్టు రాశారు. నాకు మాత్రం మీ ఉత్తరమంతా ఆ గ్లాసు దగ్గరే ఉందనిపించింది. తాగినవాడికి మీ ఒట్టు తెలియనే తెలియదు. అది తగిలింది దెబ్బలు తిన్న అమ్మాయికి.

మన పురాణాలలో ప్రతిజ్ఞలకు కొదవ లేదు. కానీ ఆ కథలను మనం ఎప్పుడూ ప్రతిజ్ఞ పట్టినవాడి వైపు నుంచే చెప్పుకుంటాం. భీష్ముడి ప్రతిజ్ఞను తలచుకుని చేతులు జోడిస్తాం. ఎవరి పెళ్లి కోసం ఆయన ఆ ప్రతిజ్ఞ చేశాడో ఆ సత్యవతే, కొడుకులు ఇద్దరూ పోయి వంశం నిలిచే దారి లేక, దాన్ని వదలమని బతిమాలింది. ఆయన వదలలేదు. ఆ ప్రతిజ్ఞకు అంబ తన బతుకునే మూల్యంగా చెల్లించింది. అంతకన్నా మీకు దగ్గరగా వచ్చే కథ కర్ణపర్వంలో ఉంది. గాండీవాన్ని ఇంకొకరికి ఇచ్చెయ్యమన్నవాడి తల తీస్తానని అర్జునుడికి మనసులో పెట్టుకున్న వ్రతం ఒకటి ఉంది. కర్ణుడి చేతిలో గాయపడి శిబిరానికి చేరిన ధర్మరాజు, కర్ణుడింకా చావలేదని తెలిసి, కోపంలో ఆ మాటే అన్నాడు. అర్జునుడు అన్నగారి మీదికి కత్తి దూశాడు. అప్పుడు కృష్ణుడు అడ్డుపడి, సత్యవ్రతం పేరుతో దొంగలకు జనం దాక్కున్న చోటు చూపించి వాళ్ల చావుకు కారణమైన కౌశికుడనే ముని కథ చెప్పాడు. నిజం చెప్పినందుకు ఆ మునికి దక్కింది నరకం. పెద్దవాడిని ఏకవచనంలో తూలనాడితే చంపినట్టేనని చెప్పి, కృష్ణుడు అర్జునుడి వ్రతమూ ధర్మరాజు ప్రాణమూ రెండూ దక్కించాడు.

ఈ కథను మీకు ఎందుకు గుర్తు చేశానంటే, ఒట్టు నిలబడాలా వద్దా అన్నదానికన్నా ముందు, కత్తి ఎవరి మెడ మీద ఉంది అని కృష్ణుడు చూశాడు. ఒట్టు వేసిన మనిషి ఆకలికి ఓర్చుకుంటే అది వ్రతం. అదే ఒట్టు కోసం, దానితో సంబంధం లేని ఏడేళ్ల పిల్లవాడు విస్తరి ముందు నుంచి లేవవలసి వస్తే దాన్ని ఇంకేదో పేరుతో పిలవాలి. మీ అబ్బాయి మాటల్లో కోపం ఉంది, కానీ "ఒట్టు వేసింది నువ్వు, నేను కాదు" అన్న ఒక్క మాట మాత్రం కోపంతో వచ్చినది కాదు. అది న్యాయమైన మాట. ఆ ఒక్క సంఘటనకు మీరు అతనికి క్షమాపణ చెప్పవలసి ఉందని నా అభిప్రాయం. ఒట్టు నిలుపుకున్నా, మార్చుకున్నా ఆ క్షమాపణతో దానికి సంబంధం పెట్టవద్దు.

అలాగని కృష్ణుడు చూపిన ఉపాయం లాంటిది మీకు కూడా వెతికి పెట్టాలని నాకు లేదు. గాంధీజీ జీవితంలో జరిగినది ఒకటి ఇక్కడ చెప్పాలి. ఆవుల చేత, గేదెల చేత బలవంతంగా పాలు చేపించే క్రూరమైన పద్ధతుల గురించి తెలిసి, ఆయన 1912లో దక్షిణాఫ్రికాలో పాలు మానేస్తానని వ్రతం పట్టారు. 1918లో రక్త విరేచనాలతో మంచాన పడి, ప్రాణం మీదికి వచ్చినప్పుడు వైద్యుడు పాలు తాగి తీరాలన్నాడు. వ్రతం పట్టినప్పుడు మీ మనసులో ఉన్నవి ఆవు పాలు, గేదె పాలే కదా, మేక పాలు తాగడానికి అభ్యంతరమేమిటని కస్తూరిబా అడిగారు. ఆయన ఒప్పుకున్నారు, బతికారు. కానీ మాట నిలిచినా దాని ప్రాణం పోయిందని, బతకాలన్న ఆశ సత్యం మీద భక్తిని జయించిందని తరువాత స్వయంగా రాసుకున్నారు. ఆ ముల్లు ఆయనను చాలాకాలం గుచ్చుతూనే ఉంది. ఆయన చేసింది తప్పని నేను అనలేను. మాటలోని సందు వెతికి బయటపడితే ఒళ్లు దక్కుతుంది గానీ, నిజాయితీపరుడికి మనశ్శాంతి దక్కదని మాత్రం దీన్నిబట్టి తెలుస్తోంది. మీరూ ఆ కోవకు చెందినవారే. "మా ముందు తాగలేదుగా, కాబట్టి తినవచ్చు" అని మీకు మీరు సర్దిచెప్పుకుంటే, ఆ ముద్ద మీకు అరగదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. ఒట్టును ఇప్పుడున్నట్టే, అక్షరం పొల్లు పోకుండా నిలుపుకోవడం ఒక దారి. అది అసాధ్యమేమీ కాదు. పెళ్లికి వెళ్లి, పీటల మీద కూర్చుని, తలంబ్రాలు అయ్యేదాకా అన్నీ జరిపించి, మీ నీళ్లు మీరు తీసుకెళ్లి, భోజనం మాత్రం బయటకు వచ్చాక చేయవచ్చు. కన్యాదానం చేసేవాళ్లు ముహూర్తం దాటేదాకా ఉపవాసం ఉండే ఇళ్లు మనకు తెలుసు కాబట్టి, ఒక పూట పస్తు ఎవరికీ వింతగా తోచదు. చిక్కంతా ఆ తరువాతే. పెళ్లికొడుకు తల్లి ఆడపెళ్లివారి పంక్తిలో కూర్చోలేదంటే, మన దగ్గర దానికి ఒకే అర్థం తీస్తారు. కట్న కానుకల్లో ఏదో తేడా వచ్చిందని, వియ్యపురాలు అలిగిందని. మీ ఒట్టు గురించి తెలియని వందమంది చుట్టాల ముందు ఆ అమ్మాయి తల్లిదండ్రులు ఆ నింద మోయాలి. పైగా ఇది ఒక్క రోజుతో పోయేది కాదు. రేపు కోడలి సీమంతం ఉంటుంది, తొలి కాన్పు పుట్టింట్లో ఉంటుంది, మనవడినో మనవరాలినో చూడడానికి మీరు ఆ గడప ఎక్కాలి. ప్రతిసారీ ఆమె తల్లి ఇచ్చే గ్లాసును మీరు వెనక్కి పంపాలి. ఇదంతా ఎరిగే ఈ దారి ఎంచుకుంటే, మీ వియ్యపురాలికి ముందే, ఎదురుగా కూర్చుని, మీ నాన్నగారి చావు మొదలుకుని అంతా చెప్పండి. ఆమె మీతో మాట్లాడిన తీరు చూస్తే అర్థం చేసుకునే మనిషిలాగే ఉన్నారు.

రెండోది, 1997 నాటి కట్టడిని మాత్రం వదిలి, మొదటి ప్రమాణం దగ్గరికి తిరిగి వెళ్లడం. అంటే మీ గడపలోకి మద్యం రానివ్వరు, మద్యం పోసే పంక్తిలో కూర్చోరు, కానీ ఆ ఇంట్లో ఎవరో ఎప్పుడో సారా కాని మందు తాగుతారన్న కారణంతో అన్నాన్ని తిరస్కరించరు. దీనికి వియ్యాలవారి సహకారం కొంత కావాలి. పెళ్లి భోజనాలు జరిగే చోట మందు లేకుండా, దావత్ మరో రోజు, మరో చోట, మీరు లేనప్పుడు పెట్టుకోమని అడగవచ్చు. ఫంక్షన్ హాల్లో మద్యం పోయాలంటే ఎక్సైజ్ శాఖ దగ్గర ఆ రోజుకు ప్రత్యేకంగా అనుమతి తీసుకోవాలి కాబట్టి, ఇప్పుడే చెబితే వాళ్లకు మార్చుకోవడం సులువు, ఆఖరి వారంలో చెబితే కష్టం. పోచమ్మ బోనం సంగతిలో మాత్రం మీరు నోరు మెదపకుండా ఉండడమే మర్యాద. అది వాళ్ల ఇంటి ఆచారం. దాన్ని ఆపమని అడిగితే మీ ఒట్టును ఇంకొకరి దేవత మీద కూడా రుద్దినట్టవుతుంది. ఈ దారిలో నష్టం లేదని అనను. "కొడుకు పెళ్లి వచ్చేసరికి టీచరమ్మ మెత్తబడింది" అని ఊళ్లో ఒకరిద్దరు అంటారు. ఇన్నాళ్లూ మీ ఒట్టును చూపించి తమ మొగుళ్లను అదుపులో పెట్టుకున్న ఆడవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్లకు మీరు జవాబు చెప్పుకోవాలి.

ఇంకో అడుగు ముందుకు వేసి, ఒట్టునే మార్చుకోవచ్చు. ఇది చాటుగా చేసే పని కాదు. ఆ రోజు మీతో నిలబడినవాళ్లలో మిగిలిన ఆడవాళ్లను పిలిచి, అదే గుడి ముందు కూర్చుని, జరిగినదంతా చెప్పి, వాళ్లనే అడగండి. వాళ్లు మీకన్నా ముందే ఈ చిక్కులో పడ్డారు, తాగేవాడు ఉన్న ఇంట్లో ఒట్టును ఏ రూపంలో నిలుపుకున్నారో, ఎక్కడ వదిలేశారో మీకు ఇన్నాళ్లూ ఎవరూ చెప్పి ఉండరు, మీరూ అడిగి ఉండరు. ఆ మాటల తరువాత, నీళ్లు ముట్టకపోవడం స్థానంలో ఇంకో నియమం పెట్టుకోవాలని మీకు అనిపించవచ్చు. తాగుడు వల్ల దెబ్బలు తిన్న ఏ ఆడమనిషి ఇంటికైనా వెళ్లి ఆమె చేత్తో పెట్టింది తినే వస్తాను అని ఒకరు పెట్టుకోవచ్చు, ఇంకొకరికి ఇంకేదో తోచవచ్చు. ఆ నియమం ఏమిటన్నది నేను చెప్పేది కాదు. నన్నడిగితే ఈ దారి వైపే నా మొగ్గు. ఎందుకంటే ఇందులో మీరు ఎవరినీ మభ్యపెట్టడం లేదు, మీ అమ్మగారితో కలిసి చేసిన దాన్ని పారేయడమూ లేదు. అయినా ఇది మీ మనసు ఒప్పుకుంటేనే. కొడుకు కోపానికి భయపడి మాత్రమే మార్చుకుంటే, ఆ మార్పు పేరుతో రేపు మీరు అతన్నే సాధించడం మొదలుపెడతారు.

అన్నీ వదిలేసి, ఇక ఏ నియమమూ వద్దనుకునే దారి కూడా ఉంది. అలా చేసినా మిమ్మల్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ మీ ఉత్తరం చదివినంతలో అది మీకు పడే దారి కాదనిపిస్తోంది. ఇక అసలు పెళ్లికే వెళ్లకుండా ఉండిపోదామా అన్న ఆలోచన మీకు వచ్చి ఉంటే, అది ఒట్టు నిలుపుకోవడం కాదు. తాగే ఇంట తినను అని మీరు అన్నారు గానీ, కొడుకు పెళ్లి చూడనని ఎన్నడూ అనలేదు.

"ఇది వదిలేస్తే నేనెవర్ని?" అని అడిగారు. మీ ఊరి ఆడవాళ్లు అర్ధరాత్రి మీ తలుపు తడుతున్నది మీరు ఎవరింట్లోనూ నీళ్లు ముట్టరని కాదు. మీరు లేచి వస్తారని, వాడి ముందు నిలబడి మాట్లాడతారని, అవసరమైతే పోలీస్ స్టేషన్ దాకా తోడు వెళతారని. పదిహేడేళ్ల వయసులో కన్నతల్లి చేత అక్షరాలు దిద్దించిన అమ్మాయి కూడా మీరే. పరీక్షించుకోవాలనిపిస్తే, అలా మీ తలుపు తట్టినవాళ్లలో ఒకరిద్దరిని అడిగి చూడండి, మీ వల్ల వాళ్లకు ఏం మేలు జరిగిందో. వాళ్లు చెప్పే జవాబులో ఒట్టు ప్రస్తావన ఎంత ఉంటుందో, మిగతాది ఎంత ఉంటుందో మీరే చూద్దురుగాని.

ఇక అబ్బాయి తాగుడు. దీన్ని పెళ్లి భోజనంతో, ఒట్టుతో కలిపి ముడివేయవద్దని గట్టిగా చెబుతున్నాను. "నువ్వు మానేస్తానని నా మీద ఒట్టు వెయ్యి, అప్పుడు తింటాను" అనడానికి మీకు మనసు లాగుతుంది. బలవంతంగా వేయించిన ఒట్టు మనిషిని మార్చదు, దాచడం మాత్రం నేర్పుతుంది. అతను ఆరేళ్లు దాచాడంటే, మీ ఒట్టు ముందు నిజం చెప్పే చోటు అతనికి దొరకలేదన్నమాట. అలాగని అతని తప్పు లేదని కాదు. మీకు అంత ముఖ్యమైన విషయంలో మిమ్మల్ని అన్నేళ్లు చీకట్లో ఉంచినందుకు అతను కూడా మీకు సమాధానం చెప్పాలి, ఆ మాట మీరు అతనితో అనవచ్చు. మీ నాన్నగారు పోయిన తీరు చూసిన మీకు భయం ఉండడం సహజం. ఆ భయాన్ని భయంగానే చెప్పండి. ఎంత తాగుతున్నాడో, పెరుగుతున్నదా తగ్గుతున్నదా, తాగి బండి నడుపుతున్నాడా, కాబోయే భార్యకు ఈ సంగతి తెలుసా అని నిదానంగా అడగండి. ఇవి అతను జవాబు చెప్పగలిగిన ప్రశ్నలు. ఒంటరిగా తాగడం, డబ్బుకు అబద్ధాలాడడం లాంటివి ఎప్పుడైనా కనబడితే అది వేరే మాట, అప్పుడు వైద్యుల దగ్గరికి తీసుకెళ్లాల్సిందే. ఇప్పటికైతే మీ నాన్నగారి ముఖాన్ని మీ అబ్బాయి ముఖంలో చూడకండి.

ముహూర్తం ఎప్పుడో మీరు రాయలేదు. పెళ్లి పత్రికలు అచ్చుకు వెళ్లకముందే ఈ మాటలన్నీ అయిపోతే మంచిది. నేనైతే ముందు ఊళ్లో పాత ఆడవాళ్ల దగ్గరికి, తరువాత అబ్బాయి దగ్గరికి, ఆఖరున వియ్యపురాలి దగ్గరికి వెళ్లమంటాను. అబ్బాయితో ఫోనులో వద్దు. హైదరాబాదు వెళ్లి, వీలైతే మీవారిని కూడా వెంటబెట్టుకుని మాట్లాడండి. ఇన్నేళ్లుగా అడ్డు చెప్పని ఆయన మనసులో అసలు ఏముందో కూడా ఈ వంకతో తెలుస్తుంది, మీ ఉత్తరమంతటిలో ఆయన మాట ఒక్కటి కూడా లేదు. వియ్యపురాలికి మీ నిర్ణయం ఏదైనా సరే మీ నోటితోనే తెలియాలి. అబ్బాయి ద్వారానో, మధ్యవర్తి ద్వారానో వెళితే అది షరతులాగా వినిపిస్తుంది.